ఆడియో కథల్లో ఊపిరి చప్పుడు మొత్తం తీసేయమంటున్నారు, మీరేమంటారు?

కథల_కుర్చీ
నేను తెలుగు కథలు చదివి ఆడియో చేస్తుంటాను. ఈమధ్య ఒక సంస్థకి పని చేసిపెట్టాను, వాళ్ళ షరతు ఏమిటంటే రికార్డింగులో ఎక్కడా ఊపిరి వినపడకూడదు. "క్లీన్‌గా ఉండాలండీ" అంటారు. వాళ్ళ ఎడిటర్ కూర్చుని ప్రతి గుక్కా కోసేసి, ఆ ఖాళీల్లో ఏ చప్పుడూ లేని నిశ్శబ్దం పెట్టి విడుదల చేసేశారు.

విన్నవాళ్ళలో ఒకరు "మిషన్ చేత చదివించారా" అని అడిగారు. ఇంకో పెద్దావిడ "బాగా చదివావమ్మా, కానీ వింటుంటే నాకే ఆయాసం వచ్చింది" అన్నారు. ఊపిరి తీసేస్తే వినేవాళ్ళకి ఆయాసం రావడమేంటో అర్థం కాలేదు నాకు.

ఒక చోటు చెప్తాను. కథలో కొడుకు ఎన్నో ఏళ్ళకి ఇల్లు చేరి తలుపు కొడతాడు. తల్లి తీసి "నువ్వా" అంటుంది, అంతే. ఆ మాట ముందు నేను నోటితో చిన్నగా గాలి లోపలికి లాక్కుని, ఒక్క క్షణం ఆగి అన్నాను. అది తీసేశాక విన్నాను. పక్కింటివాళ్ళు పెరుగు తోడుకి వస్తే అన్నట్టుంది. మాటలో ఒక్క అక్షరం మారలేదు, తల్లి మారిపోయింది. నాకు చాలా బాధగా ఉంది. ఇదేమన్నా నా చాదస్తమా, నిజంగానే వినేవాళ్ళ మీద ఊపిరి ప్రభావం ఉంటుందా?

పెసరట్టు_ప్రేమి
నేను మీ సంస్థ వైపు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటుంటే ప్రతి వాక్యానికీ "హుఁ" "హుఁ" అని చెవిలో ఊదినట్టుంటుంది. ఒక చరిత్ర పాడ్‌కాస్ట్ ఆ ఒక్క కారణానికే మానేశాను, విషయం బంగారంలాంటిది.

సౌండ్_శీను
హైదరాబాద్‌లో ఎడిటింగ్ చేస్తాను, డబ్బింగ్, ఆడియో కథలు రెండూ. పెసరట్టు అన్న చెప్పింది కూడా నిజమే, కానీ ఆ తప్పు ఊపిరిది కాదు, గట్టి చప్పుడికీ మెల్లటిదానికీ తేడా తగ్గించే కంప్రెసర్‌ది. మనిషి ఊపిరి మాట కంటే బాగా తక్కువ స్థాయిలో ఉంటుంది. గట్టి మాటల్ని కిందకి నొక్కి మొత్తాన్ని పైకి ఎత్తగానే, దాక్కున్న ఊపిరి కూడా పైకొచ్చేస్తుంది. దానికి తోడు కండెన్సర్ మైకు నోటికి జానెడు దూరంలో పెడతారు. ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గర ఎవరూ అంత ఊపిరి వినరు.

కాబట్టి నేను కోయను, తగ్గిస్తాను. మామూలుగా 8 నుంచి 10 డెసిబెల్స్. ఉందని తెలుస్తుంది, చెవిలో గుచ్చుకోదు. ఒకే వాక్యం మధ్యలో దొంగతనంగా తీసుకున్న గుక్కల్ని ఇంకా తగ్గిస్తాను. పేరా మొదట్లో వచ్చేవి, భావంతో వచ్చేవి ముట్టుకోను. మీ "నువ్వా" ముందున్నది నా టేబుల్ మీదకి వచ్చుంటే చెయ్యి పెట్టేవాణ్ణి కాదు.

తీసేయాల్సి వచ్చినా ఆ జాగాలో డిజిటల్ సైలెన్స్, అంటే ఏ చప్పుడూ లేని ఖాళీ, పెట్టకూడదు. గది నిశ్శబ్దాన్ని ఒక అర నిమిషం విడిగా రికార్డు చేసుకుని అది నింపాలి. లేకపోతే మాట ఆగిన ప్రతిసారీ గది కూడా మాయమైపోతుంది, చెవి వెంటనే పట్టేస్తుంది.

కథల_కుర్చీ
శీను గారూ, వాళ్ళు అంతర్జాతీయ ప్రమాణాలు అంటున్నారు. అలాంటి రూలు ఎక్కడన్నా ఉందా?

సౌండ్_శీను
అమెజాన్ ఆడియో పుస్తకాల కోసం రికార్డింగులు తీసుకునే ఏసీఎక్స్ అనే వేదిక పెట్టిన అంకెలే చాలామంది పట్టుకుంటారు. ఆర్‌ఎంఎస్ (సగటు శబ్ద స్థాయి) -23 నుంచి -18 డెసిబెల్స్ మధ్య, పీకులు (అన్నిటికంటే గట్టి చోట్లు) -3 దాటకూడదు, నాయిస్ ఫ్లోర్ -60 కంటే కింద. ఆ అంకెల్లో ఊపిరి మాటే లేదు. నాయిస్ ఫ్లోర్ అంటే ఫ్యాన్లు, ఏసీ, కరెంటు హమ్. ఊపిరిని దాని ఖాతాలో వేసి, చిన్న చప్పుళ్ళన్నీ మూసేసే నాయిస్ గేట్ పెట్టి ఒక్క బటన్‌తో లేపేస్తున్నారు. ఊపిరి ఊపిరికీ చూసి తగ్గించాలంటే గంట రికార్డింగుకి బోలెడు టైము పడుతుంది, అసలు సంగతి అదీ.

ధ్వని_విద్యార్థి
నేను ధ్వనిశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. కుర్చీ గారూ, చాదస్తం కానే కాదు. దీని మీద పని చాలా ఏళ్ళ నుంచే జరుగుతోంది.

1995లో అమెరికాలో వేలన్, హోకిస్ట్, షెఫర్ట్ అనే ముగ్గురు ఒక పరీక్ష చేశారు. కంప్యూటర్ గొంతుతో వాక్యాలు వినిపించారు, కొన్నిటి ముందు ఊపిరి పీల్చిన చప్పుడు కలిపారు, కొన్నిటికి కలపలేదు. ఊపిరి ఉన్న వాక్యాల్నే జనం బాగా గుర్తుపెట్టుకున్నారు. 2021లో జర్మనీలో సార్లాండ్ యూనివర్సిటీ వాళ్ళు కూడా కృత్రిమ గొంతుతోనే పరీక్షించి, ఊపిరి చప్పుడు జ్ఞాపకానికి సాయం చేస్తోందని రాశారు. అంటే అందం, సహజత్వం సంగతి పక్కన పెట్టినా, బుర్రకెక్కడంలోనే తేడా వస్తోంది.

ఎందుకు అన్నదానికి నాకు నచ్చిన వివరణ ఇది. మనం పొడవైన వాక్యం చెప్పబోయే ముందు ఎక్కువ గాలి పీలుస్తాం, చిన్న మాటకి తక్కువ. అన్నిసార్లూ కచ్చితంగా కాదు కానీ ఆ మొగ్గు ఉంది. వినేవాడు దీన్ని పుట్టినప్పటి నుంచి వింటూనే ఉన్నాడు కాబట్టి, పెద్ద గుక్క వినపడగానే ఏదో పెద్దది వస్తోందని తనకి తెలియకుండానే సర్దుకుంటాడు. ఊపిరి కోసేస్తే ఆ సిద్ధమయ్యే అవకాశం పోతుంది. వాక్యాలు ఊరికే వచ్చి మీద పడుతుంటాయి. ఆ పెద్దావిడకి వచ్చిన ఆయాసం ఇదేనని నా అనుమానం, రుజువు చెయ్యలేను.

ఇంకోటి, సంభాషణ. ఒకరు ఆపి ఇంకొకరు అందుకోవడానికి మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదో వంతు, 200 మిల్లీ సెకన్ల దరిదాపుల్లో ఉంటుంది. 2009లో పది భాషల్ని పోల్చి చూసిన అధ్యయనం అది, భాషకీ భాషకీ కాస్త తేడాలున్నా అన్నీ ఆ చుట్టుపక్కలే. అంత తక్కువ టైములో అందుకోవాలంటే అవతలివాడు ముగించేదాకా ఆగితే కుదరదు, ముందే ఆనవాళ్ళు పట్టాలి. ఎదుటివాళ్ళు గాలి లోపలికి లాగిన చప్పుడు ఆ ఆనవాళ్ళలో ఒకటి. "నేను మాట్లాడబోతున్నా" అని చెప్పడమే అది.

అట్లాంటా_అత్తయ్య
మా ఆయన నలభై ఏళ్ళుగా ఈ ఆనవాలు చూసి నేను నోరు తెరిచేలోపే గది దాటేస్తున్నారు. సైన్సని ఇవాళ తెలిసింది.

ఓరుగల్లు_పిల్లోడు
😂 అత్తయ్యా

విద్యార్థి అన్న చెప్పిందానికి నాదో ముక్క. నేను కాల్ సెంటర్‌లో చేస్తా. ఆన్‌లైన్ మీటింగుల్లో అందరం ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగి, "మీరు చెప్పండి" "లేదు మీరు చెప్పండి" అనుకోవడం రోజూ ఉండేదే. నెట్ ఆలస్యం ఒక కారణం, అది అందరికీ తెలుసు. కానీ నాయిస్ సప్రెషన్ ఆన్ చేస్తే ఊపిరి కూడా చప్పుడే అని తినేస్తది కదా. ఎవడు మాట్లాడబోతున్నాడో తెలిసే దారి ఇంకొకటి మూసుకుపోయినట్టే.

ఫోన్లో మాత్రం నేను కస్టమర్ ఊపిరిని బట్టే నడుస్తా. ముక్కుతో గట్టిగా వదిలాడంటే స్క్రిప్టు ఆపేసి "సార్ చెప్పండి" అంటా. నోటితో సగం పీల్చి ఆగిండంటే ఏదో అడగాలనుకుని మొహమాట పడుతున్నట్టు. ట్రైనింగ్‌లో ఇది ఎవ్వరూ చెప్పలేదు, పక్క సీటు అక్క నేర్పింది.

తంతి_తీగె
టెలికామ్‌లో పనిచేశాను కాబట్టి చెప్తున్నా. జీఎస్ఎం ఫోన్లలో మీరు మాట్లాడనప్పుడు బ్యాటరీ, రేడియో భారం తగ్గడానికి పంపడం ఆపేసే పద్ధతి ఉంది. అలా ఆపేస్తే అవతలివాళ్ళకి లైను కట్ అయినట్టు అనిపిస్తుంది. అందుకని వినే ఫోనే సన్నటి కృత్రిమ హోరు పుట్టించి ఆ ఖాళీ నింపుతుంది, కంఫర్ట్ నాయిస్ అంటారు దాన్ని. మనిషి చెవికి పూర్తి నిశ్శబ్దం సరిపడదని ఇంజనీర్లు ఎప్పుడో ఒప్పుకుని ప్రమాణాల్లోనే రాశారు. ఆడియో పుస్తకాలవాళ్ళు ఇది తెలుసుకుంటే బావుండును.

తెరవినికిడి
నేను కొంచెం ఎదురు చెప్పాలి. నాకు చూపు లేదు, రోజంతా తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తోనే పని. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్లో ఈస్పీక్ అనే మిషన్ తెలుగు గొంతు పెట్టుకుని మీరు "ఇది తెలుగేనా" అని అడిగేంత వేగంతో వింటాను. ఆ గొంతుకి ఊపిరి లేదు, భావం లేదు, నాకు అక్కర్లేదు కూడా. మెయిల్ చదివే గొంతు మధ్యలో ఊపిరి పీలిస్తే నా టైము పోతుంది. కాబట్టి ఊపిరి ఉంటేనే బుర్రకెక్కుతుంది అని అందరికీ కలిపి చెప్పకండి. అలవాటు పెద్దది.

కానీ కథ దగ్గర మాత్రం కుర్చీ గారితోనే ఉన్నాను. కథ వింటున్నప్పుడు నాకు ఎదుటి మనిషి ముఖం ఆ ఊపిరే. మీరు కనుబొమ్మలు చూసి తెలుసుకునేది నేను అక్కడ తెలుసుకుంటాను. నవ్వు ఆపుకుంటున్నారా, ఏడుపు మింగుతున్నారా, పేజీ తిప్పుతూ తడబడ్డారా, అన్నీ మాటకి ముందే తెలుస్తాయి. అది కోసేసి నాకు కథ అమ్మడం అంటే సినిమాలో నటుల ముఖాలకి ముసుగేసి చూపించడం.

పెసరట్టు_ప్రేమి
తెరవినికిడి గారూ, ఈ కోణం నాకు తట్టలేదు. కథకి ఒప్పుకుంటున్నాను. చరిత్ర పాఠానికీ వార్తలకీ మాత్రం నా మాట మీదే ఉన్నాను.

రేడియో_రోజులు
వార్తల సంగతి వచ్చింది కాబట్టి. రేడియోలో క్యాజువల్ అనౌన్సర్‌గా చేశాను. మాకు నేర్పింది ఊపిరి దాచడం కాదు, ఎక్కడ తీసుకోవాలో. స్క్రిప్టు చేతికి రాగానే పెన్సిల్‌తో అడ్డగీతలు గీసుకునేవాళ్ళం. కామా దగ్గర చిన్న గీత, వాక్యం చివర పెద్దది. చిన్నదాని దగ్గర ఆగుతావు కానీ పీల్చవు. పెద్దదాని దగ్గర ముఖం మైకు నుంచి కొంచెం పక్కకి తిప్పి, నోరు కాస్త తెరిచి నెమ్మదిగా తీసుకుంటావు. తొందరగా పీలిస్తేనే చప్పుడు, తాపీగా తీసుకుంటే సగం వినపడదు. దగ్గొస్తే నొక్కడానికి స్టూడియోలో దగ్గు స్విచ్చి ఉండేది, నొక్కినంతసేపూ మైకు మూగ.

ఊపిరి తప్పు చోట పడితే అర్థమే మారుతుంది. "మంత్రి రాజీనామా చేయలేదని చెప్పిన కార్యదర్శి" అన్నదాన్ని "మంత్రి రాజీనామా" దగ్గర గుక్క తిప్పుకుని చదివితే, వినేవాడు అక్కడే కంగారు పడి మిగతా వాక్యం వినడు. మన తెలుగులో క్రియ చివరికి వస్తుంది కాబట్టి ఈ ప్రమాదం మనకి మరీ ఎక్కువ. చేశాడా చెయ్యలేదా అన్నది చివరి దాకా తెలీదు. అందుకే ఒకే గుక్కలో అక్కడి దాకా మోసుకెళ్ళే దమ్ము కావాలి.

పద్య_పిచ్చి
రేడియో గారు మంచి దారిలోకి తెచ్చారు. మాది తెనాలి, నాటకాల ఊరు. చిన్నప్పటి నుంచి పరిషత్తు నాటకాలు చూసి పెరిగాను. పద్యం చివర రాగం తీసేటప్పుడు జనం పద్యంతోపాటు నటుడి ఊపిరి కూడా వింటారు. ఇంకా ఎంతసేపు లాగుతాడో అని మనం కూడా ఊపిరి బిగపట్టి కూర్చుంటాం. ఆయన వదిలాక మనమూ వదిలి, అప్పుడు వన్స్ మోర్ అంటాం. ఆ ఊపిరి చెవికి అందకపోతే ఆ కష్టం తెలీదు, కష్టం తెలియకపోతే వన్స్ మోర్ ఎక్కడిది?

నటుడు గుక్క తిప్పుకునేటప్పుడు హార్మోనియం ఆయన వెంటే వచ్చి ఖాళీ నింపుతుంది. బుర్రకథలో అయితే ఆ పని వంతలది. కథకుడు ఏకబిగిన పరుగెత్తించి వదలగానే ఇద్దరూ "తందాన తాన" అందుకుంటారు, ఆ లోపల ఆయన ఊపిరి పీల్చుకుంటాడు. మన కళల్లో ఊపిరికి జాగా కట్టిపెట్టారు పెద్దవాళ్ళు. కోసెయ్యమని ఎవరూ అనలేదు.

పద్యానికి ఇంకో చిక్కుంది. సంస్కృత శ్లోకంలో యతి అంటే ఆగే చోటు. మన పద్యంలో యతి అక్షరాల మైత్రి, అక్కడ ఆగాలని లేదు. పైగా మాట ఒక పాదంలో మొదలై ఇంకో పాదంలోకి పాకుతుంది. కాబట్టి ఎక్కడ గుక్క తిప్పుకోవాలో అర్థాన్ని బట్టి చదివేవాడే తేల్చుకోవాలి. పాదం చివర అలవాటుగా ఊపిరి తీసేసుకునేవాళ్ళు చదివితే పద్యం ముక్కలు ముక్కలుగా వినపడుతుంది, వినేవాడు పద్యమే కష్టం అనుకుంటాడు. పిల్లలకి పద్యాలు నేర్పే టీచర్లు ఇది ఒక్కటి చూస్తే చాలు.

ఛాతీ_డాక్టర్
నేను ఊపిరితిత్తుల డాక్టర్ని. శరీరం వైపు నుంచి కొంత.

ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్ళు నిమిషానికి సుమారు 12 నుంచి 18 సార్లు శ్వాస తీస్తారు, ఒక్కో శ్వాసకి అర లీటరు గాలి. అందులో పీల్చడానికి దాదాపు 40 శాతం సమయం, వదలడానికి 60. మాట్లాడేటప్పుడు ఇది చాలా మారిపోతుంది. పీల్చడానికి 10 శాతం, మిగతా అంతా వదలడం, ఎందుకంటే మాట వదిలే గాలి మీదే నడుస్తుంది. అంత తక్కువ టైములో అంత గాలి లాగాలంటే ముక్కు చాలదు, నోరు తెరవాలి. మాటల మధ్య ఊపిరి వినపడటానికి కారణం ఇదే. ఆరోగ్యవంతుల ఊపిరీ వినపడుతుంది.

ఆస్తమా తీవ్రంగా వచ్చినవాళ్ళని చూసేటప్పుడు మేం గమనించే మొదటి విషయాల్లో ఒకటి, ఒక వాక్యం ఒక్క గుక్కలో పూర్తి చేయగలుగుతున్నారా అన్నది. చేయలేకపోతే పరిస్థితి గట్టిదని లెక్క. ఇంట్లోవాళ్ళకి కూడా ఈ చెవి ఉంటుంది. ఫోన్లో వాళ్ళమ్మ "బానే ఉన్నానురా" అంటే, రెండు మాటలకోసారి ఆగుతోందని గమనించి ఊరు నుంచి తీసుకొచ్చిన కొడుకులు ఉన్నారు. అమ్మ మాట అబద్ధం చెప్పినా ఊపిరి నిజం చెప్పింది.

అందుకే రికార్డింగులో గుక్కలు మరీ దగ్గర దగ్గరగా, మరీ గట్టిగా వినపడితే శ్రోత మనసులో "ఈ మనిషికి ఏమైంది" అనే కంగారు కూడా పుట్టొచ్చు. పెసరట్టు గారి చిరాకులో అది కొంత ఉందేమో. కుర్చీ గారూ, మీరు కూర్చుని చదువుతున్నారా నిలబడా? పొట్ట మడతపడేలా వంగి కూర్చుంటే గుక్కలు చిన్నవై ఎక్కువవుతాయి. నిటారుగా ఉండండి, భోజనం చెయ్యగానే రికార్డు చెయ్యకండి.

కథల_కుర్చీ
డాక్టర్ గారూ, వాలు కుర్చీలో వెనక్కి వాలి చదువుతాను, పేరు చూశారుగా. ఇకనుంచి నిలబడి చదివి చూస్తాను.

అట్లాంటా_అత్తయ్య
డాక్టర్ గారు చెప్పిన ఆ కొడుకు సంగతి చదివి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను అమ్మతో వీడియో కాల్ మాట్లాడేటప్పుడు నెట్ సరిగ్గా లేకపోతే వీడియో ఆపేసి ఆడియో ఉంచుతాను. బొమ్మ లేకపోయినా ఫర్వాలేదు, ఆవిడ మెట్లెక్కి వచ్చి ఫోన్ ఎత్తిందో, మంచం మీద నుంచి ఎత్తిందో ఆ "హలో" ముందే తెలుస్తుంది.

ఓరుగల్లు_పిల్లోడు
మరి ఇప్పుడు ఏఐ గొంతులకి ఊపిరి వాళ్ళే పెడుతున్నారు కదా? మనిషి గొంతులో తీసేస్తాం, మిషన్ గొంతులో కలుపుతాం. ఏం లెక్క ఇది?

ధ్వని_విద్యార్థి
ఒక్కోసారి కలపక్కర్లేదు కూడా, దానంతట అదే వస్తుంది. 2016లో గూగుల్ వాళ్ళ ఏఐ సంస్థ డీప్‌మైండ్ వాళ్ళు వేవ్‌నెట్ అనే గొంతు పుట్టించే మిషన్ తెచ్చారు. మనుషుల రికార్డింగులతో నేర్పించి, చదవడానికి పాఠం ఇవ్వకుండా వదిలేస్తే అర్థం లేని మాటల్లాంటివేవో పలికింది, మధ్యలో ఊపిరి, పెదాల చప్పుడు కూడా. నేర్చుకున్న గొంతుల్లో అవి ఉన్నాయి కాబట్టి అదీ నేర్చుకుంది.

తెరవినికిడి
నాకు అభ్యంతరం ఉన్నది అక్కడే. 2018లో గూగుల్ డూప్లెక్స్ అని చూపించారు గుర్తుందా, సెలూన్‌కి ఫోన్ చేసి "అఁ", "ఊఁ" అంటూ అపాయింట్‌మెంట్ తీసుకున్న మిషన్. అవతల అమ్మాయికి అది మిషన్ అని తెలియదు. పెద్ద గొడవ అయ్యాక, మాట్లాడుతున్నది మిషన్ అని ముందే చెప్పేలా చేస్తామన్నారు. ఊపిరి వినపడితే అవతల ప్రాణం ఉందని నమ్మేస్తాం. చూపు ఉన్నవాళ్ళకి సరిచూసుకునే దారులు ఇంకో నాలుగున్నాయి, నాకు ఇదొక్కటే. నా దగ్గర ఆ నమ్మకాన్ని వాడుకోవద్దు. కథ చదివే ఏఐకి ఊపిరి పెట్టండి, అది ఏఐ అని మొదటే చెప్పండి.

సౌండ్_శీను
ఒప్పుకుంటాను. పైగా వాటి ఊపిరి ఇప్పటికీ చాలాసార్లు పట్టుబడుతుంది. ప్రతి గుక్కా ఒకే పొడవు, లేదా మూడు మాటల వాక్యం ముందు సముద్రమంత గుక్క. చెవికి ఎక్కడో కొడుతుంది, పేరు పెట్టలేం.

ధ్వని_విద్యార్థి
నకిలీ గొంతుల్ని పట్టుకోవడానికి ఊపిరి ఎక్కడ పడిందో చూసే పరిశోధనలు కూడా నడుస్తున్నాయి. మిషన్లు అదీ నేర్చేసుకునే దాకా పనికొస్తుంది.

పెసరట్టు_ప్రేమి
కుర్చీ గారూ, ఇంతకీ ఆ సంస్థకి ఏం చెప్పబోతున్నారు?

కథల_కుర్చీ
నా దగ్గర అసలు రికార్డింగు ఉంది. ఆ "నువ్వా" చోటు మూడు రకాలుగా చేసి పంపుతున్నాను. వాళ్ళు కోసింది ఒకటి, ఏమీ ముట్టుకోనిది ఒకటి, శీను గారు చెప్పినట్టు 8 డెసిబెల్స్ తగ్గించి గది నిశ్శబ్దం నింపింది ఒకటి. పేర్లు పెట్టకుండా ఆఫీసులో నలుగురికి వినిపించి ఏది బావుందో వాళ్ళనే చెప్పమంటాను. మూడోది ఒప్పుకుంటే మిగతా కథలన్నీ నేనే మళ్ళీ చేసి ఇస్తానని రాశాను. కోసిందే కావాలంటే నా పేరు తీసేయమన్నాను.

సౌండ్_శీను
పంపేముందు మూడింటి లౌడ్‌నెస్ ఒకే స్థాయికి తెచ్చి పంపండి. కాస్త గట్టిగా ఉన్నదే బావుందంటారు ఎవరైనా. ఇయర్‌ఫోన్స్‌తో ఒకసారి, ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినమనండి. ఫైలు కుదించని వేవ్‌లో పంపండి, ఎంపీ3 తక్కువ బిట్‌రేట్‌లో చేస్తే ఊపిరే ముందు చెడిపోయి నీళ్ళ చప్పుడులా అవుతుంది.

కథల_కుర్చీ
వేవ్‌లోనే పంపుతున్నాను, 44.1 కిలోహెర్ట్జ్‌లో. గది నిశ్శబ్దం రికార్డు చేసేటప్పుడు ఫ్రిజ్ ఆపాలా శీను గారూ, లేక కథ చదివినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచాలా?

సౌండ్_శీను
చదివినప్పుడు ఎలా ఉంటే అలాగే. అదే గది, అదే మైకు, అదే గెయిన్ (మైకు పెంచిన స్థాయి). మీరు కూడా అక్కడే ఉండండి, మనిషి లేని గది వేరేగా మోగుతుంది.